నెలదినముల వ్యాయామదీక్ష

పశ్చిమబెంగాలులోని ఒక జనపనార మిల్లు పనివారిని గూర్చి 1956వ సంవత్సరమున ఒక పరిశోధన ప్రకటింపబడినది. జీన్ మేయర్ అను పోషకాహార శాస్త్రవేత్తయు, రాయ్, మిత్ర అను ఆయన సహచరులును అచ్చటివారిని వారు చేయు పనినిబట్టి వర్గములుగా విభజించి, ఎవరెంత తినుచున్నారో, ఎంత తూగుచున్నారో లెక్కించిరి. బరువులు మోయువారు ఎక్కువ తినుచుండిరి. అందు వింత లేదు. తేలికపని చేయువారు అంతకంటె తక్కువ తినుచుండిరి. అందును వింత లేదు. వింత యేమనగా, దినమంతయు కదలక కూర్చుండువారు తేలికపనివారికంటె ఎక్కువ తినుచు, వారికంటె ఎక్కువ తూగుచుండిరి. పని తగ్గినకొలది ఆకలియు తగ్గునన్న లెక్క ఒక మేరవరకే సరిపోయినది. కదలిక మరీ తగ్గినచోట ఆకలి తన కొలతను మరచినట్లు కనబడినది.

ఆనాటి మిల్లులో కూర్చుండి పనిచేయువారు కొద్దిమంది. నేడు దేశములో ఇంచుమించు సగముమంది వయోజనులు చాలినంత శారీరకశ్రమ చేయుటలేదని, ప్రపంచ ఆరోగ్యసంస్థ పరిశోధకులు 2022వ సంవత్సరమునకు కట్టిన లెక్కలు చెప్పుచున్నవి. ఇందు పురుషులకంటె స్త్రీల సంఖ్య అధికము. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యమున జరిగిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాటి ప్రకారము దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులు కలరు. దక్షిణాసియావారి దేహములలో కొవ్వు పొట్టచుట్టు చేరు స్వభావము ఎక్కువ. అందువలన ఇతర దేశస్థులకు ప్రమాదముకాని బరువే మనకు ప్రమాదము కావచ్చును. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన నడుము కొలత హెచ్చరికగా గ్రహింపవలెను. చూచుటకు సన్నముగా నుండి పొట్ట మాత్రము పెరిగినవారు ఈ హెచ్చరిక తమకు కాదని తలచుట సాధారణమైన పొరపాటు.

రోలు, తిరగలి, చేదబావి ఇండ్లనుండి తొలగిపోయినవి. తొలగిపోవుటయే మంచిది, ఆ చాకిరిని తిరిగి తెచ్చుకొనవలెనని స్త్రీలలో ఎవరును కోరుకొనరు. కాని ఆ పనితోపాటు దేహమునకు దొరకుచుండిన కదలికయు పోయినది. దానిని వేరొక దారిని తెచ్చుకొనవలసియున్నది. ఆ దారి ఇంటిలోనే, చాప పరచునంత చోటులో, డబ్బు ఖర్చులేకుండ దొరకును. ఎండలు మండు కోస్తాలోనైనను, చలికాలపు పొగమంచు కమ్ముకొను ఢిల్లీలోనైనను ఇంటిలోపలి వ్యాయామమునకు ఆటంకము తక్కువ. సాతారా ప్రాంతపు ఔంధ్ సంస్థానాధిపతి భవన్‌రావు పంత్ ప్రతినిధి గత శతాబ్దపు పూర్వార్ధమున సూర్యనమస్కారములను తాను నిత్యము చేయుచు, తన సంస్థానములోని పాఠశాలలలో ప్రవేశపెట్టినాడు. దానికిని కావలసినది చాపెడు చోటే.

నెలలో ఏమి మారును, ఏమి మారదు

ముప్పది దినములు విడువక వ్యాయామము చేయుదమని పంతము పట్టుట ఇటీవల చాలమందికి అలవాటైనది. మండలదీక్షలు ఎరిగిన దేశమున ఇది క్రొత్త సంగతి కాదు. గడువు పెట్టుకొనుట మంచిదే. అయితే ఆ గడువునుండి ఏమి ఆశింపవలెనో ముందే తెలిసియుండవలెను. లేనిచో మూడవవారమున అద్దము చూచుకొని నిరాశపడి మానివేయుట జరుగును.

బరువు తగ్గుట మాట ముందు చెప్పవలెను. 60 కిలోల మనిషి అరగంట వడిగా నడచినచో ఖర్చగు శక్తి సుమారు 130 కేలరీలు. చట్నీతో తిన్న రెండు ఇడ్లీలతో అది తీరిపోవును. కావున తిండి మార్చక, వ్యాయామముతో మాత్రమే నెలలో త్రాసుముల్లు చాల వెనుకకు పోవునని ఆశింపరాదు. కండలు పెరుగుటకును నెల చాలదు. మొదటి వారములలో పెరుగు బలము ముఖ్యముగా నరములది. ఉన్న కండరములనే ఎక్కువ సంఖ్యలో, ఒక్కమారుగా పనిచేయించుట నరమండలము నేర్చుకొనును. అందుచేతనే చేయి లావు కాకుండగనే బిందె తేలికయగును. చొక్కా కొలత మారకుండగనే మేడమెట్లు ఎక్కునపుడు ఆయాసము తగ్గును.

రక్తములోని చక్కెరపై ప్రభావము ఇంకను త్వరగా కనబడును. ఒక్క దినపు వ్యాయామమునకే కండరములు ఇన్సులిన్ మాట బాగుగ వినును. ఆ మేలు ఒకటి రెండు దినములు నిలిచి, తరువాత జారిపోవును. మధుమేహులు వరుసగా రెండు దినములకు మించి వ్యాయామము మానరాదని వైద్యులు చెప్పుటకు కారణమిదే. పంతము పట్టినవారికిని ఈ నియమమే తగినది. ఒక దినము తప్పినంత మాత్రమున దీక్ష భంగమైనదని మొత్తము విడిచిపెట్టుట తెలివి కాదు. పెండ్లి, ప్రయాణము, జ్వరము లేని నెల ఏ యింటనున్నది?

మొదలుపెట్టు విధము

కెనడా వైమానికదళము 1950 దశకపు చివరలో, వ్యాయామశాలలు లేని మారుమూల స్థావరములలోని సిబ్బందికొరకు దినమునకు పదకొండు నిమిషముల వ్యాయామక్రమమొకటి తయారుచేయించినది. అది పుస్తకరూపమున ప్రజలలోనికి వచ్చి అనేకదేశముల ఇండ్లలోనికి ప్రవేశించినది. అందలి ముఖ్యనియమములు రెండు. ఎంతటివాడైనను అడుగుమెట్టునుండియే ప్రారంభింపవలెను. వయస్సు పెరిగినకొలది ప్రతి మెట్టుపై ఎక్కువ దినములు నిలువవలెను. వ్యాయామములు ఎన్నియో మారినవి గాని, ఈ రెండు నియమములకు నేటికిని వంక పెట్టుటకు వీలులేదు.

నిజమునకు ఎన్నడును వ్యాయామము చేయనివారికంటె, ఒకప్పుడు చేసి విడిచినవారికే ఈ హెచ్చరిక ఎక్కువ అవసరము. ఇరువది యేండ్లనాడు కాలేజీలో కబడ్డీ ఆడినవాడు, నలుబదియైదవ యేట మొదటి దినముననే నూరు బస్కీలు తీయబోవును. మనస్సు పాత లెక్కను మరువలేదు, మోకాళ్ళు మరచినవి. కోడి రామమూర్తి నాయుడు రొమ్ముపై ఏనుగును నిలుపుకొన్నాడని విని పెరిగిన మనకు, కుర్చీలోనుండి పదిమార్లు లేచి కూర్చుండుట వ్యాయామమని ఒప్పుకొనుట కొంత చిన్నతనముగా తోచుటయు సహజమే.

అయినను కుర్చీతోనే ఆరంభింపవలెను. గోడకు ఆనించిన గట్టి కుర్చీపై కూర్చుండి, చేతులు రొమ్ముపై కట్టుకొని, అరనిమిషములో ఎన్నిమార్లు పూర్తిగా లేచి కూర్చుండగలరో లెక్కించి కాగితముపై వ్రాసికొనవలెను. పండ్రెండు వచ్చెననుకొందము. మొదటివారమున అందులో సగము, అనగా ఆరు, కొంత విశ్రాంతి, మరల ఆరు. ఇంకను రెండు మూడు చేయగల ఓపిక మిగిలియుండగనే ఆపవలెను. తరువాత గోడకు బారెడు దూరమున నిలిచి, అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు వంచి రొమ్మును గోడదగ్గరకు తెచ్చి మరల నెట్టుట, ఇదియు అంతే. పిదప మునివ్రేళ్ళపై లేచి నిలిచి, మెల్లగా మడమలు దింపుట. ఇవి వారమునకు మూడు దినములు, దినము విడిచి దినము. తక్కిన దినములలో పది నిమిషములు నడకగాని, ఉన్నచోటనే మోకాళ్ళు ఎత్తుచు కవాతుగాని చాలును. మాటలాడగలిగి, పాట పాడలేనంత ఆయాసము రావలెను. తగిన వేగమునకు అదియే గుర్తు.

శ్రమ చేసిన మరునాటినుండి మూడవనాటివరకు తొడలు, పిక్కలు నొప్పిపెట్టవచ్చును. ఇది కండరములో నిలిచిన ఆమ్లమువలన కలుగునని చాలమంది నమ్ముదురు గాని, అది నిజము కాదు. అలవాటులేని శ్రమకు, ముఖ్యముగా మెల్లగా క్రిందికి దిగు కదలికలకు, కండరపు సన్నని పోగులు నలుగుటవలన కలుగును. అది దానంతట అదియే తగ్గును. మరల అదే పని చేసినపుడు నొప్పి చాల తక్కువగా నుండును. అయితే మితిమీరిన బస్కీల తరువాత తొడలు వాచి, మూత్రము కాఫీ డికాక్షను రంగులో వచ్చినచో అది సాధారణమైన నొప్పి కాదు. చితికిన కండరములోని పదార్థము మూత్రపిండములను దెబ్బతీయును. తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. మొదటి దినపు గర్వమునకు ఇంత మూల్యము చెల్లించినవారు ప్రతి దేశమునను కలరు.

రెండవవారమున అదే సంఖ్యను మూడు విడతలు చేయవచ్చును. మూడవవారమున సంఖ్య పెంచుటకంటె పద్ధతిని కష్టతరము చేయుట మేలు. కుర్చీపై కూర్చుండునపుడు నాలుగు లెక్కించునంతసేపు మెల్లగా దిగవలెను. గోడకు బదులు వంటగట్టును, అది తేలికయైన తరువాత మంచపుపట్టెను ఊతగా గ్రహింపవలెను. నేలపై దండీలు ఆ వెనుకటి సంగతి. అవి ఈ నెలలోనే సాధ్యము కానిచో నష్టము లేదు. బరువైన ప్రయత్నమున ఊపిరి బిగబట్టరాదు. అట్లు చేసిన రక్తపోటు ఒక్కమారుగా పెరుగును. లేచునపుడు ఊపిరి విడువవలెను. నాలుగవవారమునకు మొత్తము ఇరువది, ఇరువదియైదు నిమిషములు కాగలదు. భోజనానంతరము పది నిమిషముల నెమ్మదియైన నడకను దీనికి చేర్చినచో చక్కెర పెరుగుదల తగ్గును.

వేళ ఏది మంచిదను ప్రశ్న తరచుగా వచ్చును. ఆ యింట ఎవరికి ఏ వేళ తీరికయో అదియే మంచిది. ఇందు గృహిణుల సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. ఉదయకాలము పిల్లల బడికి, భర్త ఉద్యోగమునకు, అత్తమామల కాఫీకి చెందియుండును. తనకు మిగులు వేళ ఏదియు నుండదు. ఇంటిపని చేయుచునే యున్నదికదా, ఇక వ్యాయామమెందుకని మగవారు అనుట కలదు. గిన్నెలు తోముట, వంట చేయుట అలసటను కలిగించునుగాని, తొడలకు, వెన్నుకు కావలసిన బలము వాటివలన చాలినంతగా రాదు. దినమున ఇరువది నిమిషములు ఆమె పనిని మరొకరు చేయనిదే ఈ దీక్ష ఆమెకు సాగదు. ఇది ఇంటివారందరు కలసి తీర్చవలసిన ఏర్పాటు.

ఎవరు ముందుగా వైద్యుని చూడవలెను

గుండెజబ్బు ఉన్నవారు, శ్రమపడినపుడు రొమ్మునొప్పిగాని తలతిరుగుటగాని కలుగువారు, అదుపులో లేని రక్తపోటు గలవారు, గర్భిణులు ముందుగా వైద్యుని అడిగి మొదలుపెట్టవలెను. ఇన్సులిన్ తీసికొను మధుమేహులకును, కొన్ని మాత్రలు వాడువారికిని వ్యాయామమువలన చక్కెర మరీ పడిపోవచ్చును; చెమటలు, వణకు, కళ్ళు బైర్లుకమ్ముట దాని గుర్తులు. అట్టివారు పంచదార దగ్గర నుంచుకొనవలెను. జ్వరమున్న దినమున విశ్రాంతియే తగినది.

ముప్పదియొకటవ దినము

లండనులో అలవాట్లను గూర్చి పరిశోధించిన వారు 2009లో తమ ఫలితములను వెల్లడించిరి. ఒక పని ప్రయత్నము లేకుండ జరుగు అలవాటగుటకు సగటున 66 దినములు పట్టినది. కొందరికి మూడు వారములలోపే కుదిరినది, కొందరికి నెలలు గడచినను కుదరలేదు. అనగా నెల ముగియునాటికి చాలమందికి అలవాటు పచ్చిగనే యుండును. కనుక ముప్పదవ దినమున పండుగ చేసికొని ఆగుటకంటె, మరల ఆ కుర్చీపరీక్షనే చేసి, పాత సంఖ్య ప్రక్కన క్రొత్త సంఖ్యను వ్రాసి, దానిలో సగముతో రెండవ నెల ఆరంభించుట మేలు. సంఖ్య మరీ పెరిగినవారు అయిదు కిలోల బియ్యపుసంచిని రొమ్మునకు హత్తుకొని లేవవచ్చును.

పెద్దలు తొందరపడక వారమునకు 150 నిమిషముల మధ్యరకపు శ్రమను, బలము పెంచు వ్యాయామమును రెండు దినములైనను చేరుకొనుటను గమ్యముగా పెట్టుకొనవచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో వయోజనులకు సూచించిన కనీసపు మేర ఇది. 65 ఏండ్లు దాటినవారికి వీటితోపాటు తూలిపడకుండ నిలుచు అభ్యాసము కూడ వారమున మూడు దినములు కావలెను. కుర్చీ వెనుకభాగము పట్టుకొని ఒంటికాలిపై పది లెక్కించువరకు నిలుచుట అందుకు చాలును. ఆ పది లెక్కపెట్టు పనిని మనుమలకు అప్పగింపవచ్చును.