అద్దె ఇంటి ఎంపిక: రెండు ఇళ్లను ఒకే కొలతతో పోల్చడం

అవకాశ వ్యయం అంటే ఏమిటో మీరు గత భాగంలో చదివారు. ఒకదాన్ని ఎంచుకున్నప్పుడు దాని కోసం వదులుకున్న మరొకదాని విలువే అవకాశ వ్యయం. ఈ భాగంలో ఆ భావనను మీ సొంత ఖర్చుల్లో పెద్దదైన ఇంటి అద్దెకు అన్వయించి చూద్దాం. మీలో చాలామంది ఉద్యోగం చేస్తూ చదువుతున్నవారే. ఎప్పుడో ఒకప్పుడు తెలియని ఊళ్లో ఇల్లు వెతుక్కోక తప్పదు. ఉదాహరణకు హైదరాబాదును తీసుకుందాం.

4.1 బోర్డు మీది అద్దె, చేతి నుంచి పోయే డబ్బు

మీకు రాయదుర్గం దగ్గర ఉద్యోగం వచ్చిందనుకోండి. రెండు సింగిల్ బెడ్‌రూమ్ ఇళ్లు చూశారు. నాగోలులో ఉన్నదానికి అద్దె రూ.9,000, గచ్చిబౌలిలో ఉన్నదానికి రూ.13,000. (ఈ భాగంలోని అద్దెలు, చార్జీలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే.) చూడగానే నాగోలు ఇల్లు 4,000 తక్కువ అనిపిస్తుంది. నిజంగా అంత తక్కువా?

నాగోలు నుంచి రాయదుర్గానికి మెట్రో రైలు నేరుగా వెళ్తుంది. స్టేషనుకు షేర్ ఆటోతో కలిపి రోజుకు రానూపోనూ రూ.180 అనుకుందాం. నెలకు 25 పనిదినాలకు రూ.4,500 అవుతుంది. మెయింటెనెన్స్ రూ.1,000. మొత్తం కలిపితే నెలకు రూ.14,500. గచ్చిబౌలి ఇంటికి మెయింటెనెన్స్ రూ.1,500, షేర్ ఆటోకు రోజుకు రూ.40 చొప్పున నెలకు రూ.1,000. మొత్తం రూ.15,500. నాలుగు వేలు అనుకున్న తేడా వెయ్యికి దిగింది.

ఇక కాలం సంగతి. నాగోలు నుంచి తలుపు తీసిన దగ్గర్నుంచి ఆఫీసు చేరేదాకా గంటా ఇరవై నిమిషాలు, గచ్చిబౌలి నుంచి ఇరవై అయిదు నిమిషాలు అనుకుంటే, రోజుకు రెండు వైపులా కలిపి గంటా యాభై నిమిషాల తేడా. నెలకు దాదాపు 46 గంటలు. అంటే గచ్చిబౌలి ఇంట్లో ఉంటే మీరు 1,000 రూపాయలు ఇచ్చి 46 గంటలు కొనుక్కుంటున్నారన్న మాట. గంటకు దాదాపు రూ.22. ఆ గంట మీకు అంత విలువైనదా కాదా అన్నది మీరే తేల్చుకోవాలి. రైల్లో కూర్చొని పాఠం చదవగలిగేవారికి ఆ ప్రయాణమంతా నష్టం కాదు. అయితే ఆఫీసు వేళల్లో సీటు దొరుకుతుందని మాత్రం లెక్క వేసుకోకండి.

మహిళలకు ఈ లెక్క మారుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వారికి టికెట్ లేదు. బస్సులో వెళ్తే నాగోలు ఇంటి ఖర్చు బాగా తగ్గుతుంది, గంటలు పెరుగుతాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఒకటే.

4.2 అడ్వాన్సు, అగ్రిమెంటు

హైదరాబాదులో చాలామంది ఓనర్లు ఒకటి రెండు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అందులోంచి ఒక నెల అద్దె పట్టుకునేవారు చాలామందే ఉన్నారు. పదకొండు నెలలు ఉండి వెళ్లిపోతే ఆ కోత నాగోలు ఇంటికి నెలకు దాదాపు రూ.820, గచ్చిబౌలి ఇంటికి దాదాపు రూ.1,180 పడుతుంది. పైన తేలిన వెయ్యి తేడా ఇప్పుడు దాదాపు 1,360 అయింది. గంట ఖరీదు 30 రూపాయలకు చేరింది. పెయింటింగ్ సంగతి ఇల్లు చూసిన రోజే అడగాలి, ఒప్పుకున్నది అగ్రిమెంటులో రాయించుకోవాలి.

అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని మీకు సందేహం వచ్చి ఉంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు లేకుండా ఉండాలని ఒక నెల తగ్గించి రాసుకుంటారు. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెబుతుంది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం తనదిగా చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. కాబట్టి ఓనరు నోటిమాటగా చెప్పినదాన్ని కాగితం మీదికి తెచ్చుకోవడమే మీకు రక్షణ.

4.3 వెళ్లి చూస్తేనే తెలిసేవి

డబ్బు, కాలం కాగితం మీద తేలతాయి. నీళ్లు తేలవు. జనవరిలో చూసిన ఇల్లు ఏప్రిల్‌లో వేరే ఇల్లు. బోరు ఎండితే ట్యాంకరు తెప్పిస్తారు, ఆ ఖర్చు ఫ్లాట్లన్నింటికీ పంచుతారు, మెయింటెనెన్స్ ఒక్కసారిగా పెరుగుతుంది. నల్లా కనెక్షన్ ఉందా, నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయి, పోయిన ఎండాకాలం ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు అని అడగండి. ఓనరును కాదు, వాచ్‌మన్‌నూ పక్క ఫ్లాటువాళ్లనూ అడగండి. ఖాళీ చేస్తున్నవాళ్లు ఇంకా ఇంట్లోనే ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. ఎందుకు వెళ్తున్నారో వాళ్లే చెబుతారు.

తరవాత కరెంటు మీటరు. రెండు పోర్షన్లకు ఒకే మీటరు ఉంటే జాగ్రత్త. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కనుక, విడివిడిగా 120 యూనిట్లు వాడే రెండు కుటుంబాలు కలిసి 240 యూనిట్ల శ్లాబులోకి వెళ్తాయి. గృహజ్యోతి పథకానికి అర్హులైనవారికి నష్టం ఇంకా ఎక్కువ. 200 యూనిట్ల దాకా ఉండే ఉచితం ఆ ఉమ్మడి మీటరు మీద నిలవదు.

పై అంతస్తు ఇంటిని మధ్యాహ్నం చూడండి. స్లాబు వేడి అప్పుడే తెలుస్తుంది. పడకగదిలో నిలబడి ఒక ఫోన్ చేయండి. వీడియో పాఠాలు వినవలసినవారికి సిగ్నల్ కూడా నీళ్లంత అవసరమే. రాత్రి తొమ్మిదింటికి బస్టాపు నుంచి ఇంటిదాకా ఒకసారి నడవండి. ఓనరు చూపించిన వేళ ఒకటి, మీరు ఎంచుకున్న వేళ ఒకటి, కనీసం రెండుసార్లు చూడకుండా ఏ ఇల్లూ ఖాయం చేయకండి.

ఒక రోజులో నాలుగు ఇళ్లు మించి చూడకపోవడం మంచిది. అంతకన్నా ఎక్కువ చూస్తే మొదటి ఇంటి వంటగది, మూడో ఇంటి బాత్‌రూమ్ కలిసిపోతాయి. ప్రతి ఇంటి దగ్గరా అవే ప్రశ్నలు, అదే వరసలో అడిగి, గేటు దాటకముందే రాసుకోండి.

బయలుదేరే ముందే ఫోన్లో అడగవలసిన మాటొకటి ఉంది: బ్యాచిలర్లకు ఇస్తారా, మాంసాహారానికి అభ్యంతరం ఉందా? మీ కులం, మతం అడిగే ఓనర్లూ తగులుతారు. సిగ్గుపడవలసింది అడిగినవారే, మీరు కాదు. కానీ ఊరి ఆ చివరి దాకా వెళ్లి పూట పోగొట్టుకున్నాక వినడం కన్నా ఫోన్లో వినడమే నయం.

“ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, టోకెన్ ఇచ్చేయండి” అనే మాట మీరు తప్పక వింటారు. అది నిజమూ కావచ్చు. మీ పట్టిక పూర్తయి ఉంటే ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఇల్లు చూపించకముందే గేట్‌పాస్ కోసమనో, తాళం పంపుతామనో డబ్బు అడిగితే మాత్రం మోసమనే అనుకోండి.

అభ్యాసం

మీరు ఇప్పుడు ఉంటున్న ఇంటికి 4.1లో చూపినట్లు నెల ఖర్చు, ప్రయాణపు గంటలు లెక్క వేయండి. మీ పని చోటికి దగ్గరలో టులెట్ బోర్డున్న ఒక ఇంటికి వెళ్లి వివరాలు అడిగి అదే లెక్క వేయండి. రెండింటి తేడాను గంటలతో భాగించి, వచ్చిన అంకె పక్కన ఆ గంటల్లో మీరు ఏం చేస్తారో రాయండి.