జనాభా పెరుగుదల: విశాఖపట్నం చెప్పే పాఠం

జనాభా పెరుగుదల అనగానే మన ఆలోచన జననాల మీదికి పోతుంది. ఏ ఇంట ఎందరు పిల్లలన్న లెక్కతోనే చర్చ ముగుస్తుంది. నిందంతా ఏదో ఒక వర్గం నెత్తిన పడుతుంది. కాని ఒక ప్రదేశపు జనసంఖ్యను నిర్ణయించేవి నాలుగు: పుట్టుకలు, మరణాలు, రాకలు, పోకలు. వీటిలో దేని పాత్ర ఎంతో తేల్చకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు.

విశాఖపట్నాన్నే తీసుకుందాం. 1901లో ఇక్కడి జనాభా సుమారు 41 వేలు. 1951 నాటికి అది 1 లక్షా 8 వేలయింది. 1971 నాటికి 3 లక్షల 63 వేలకు చేరింది. అంటే ఇరవై ఏళ్ళలో మూడు రెట్లకు మించిన పెరుగుదల. జననాలు మరణాలను మించడం వల్ల జనం ఏటా నూటికి ఇద్దరు చొప్పున పెరిగితే, రెట్టింపు కావడానికే సుమారు 35 ఏళ్ళు పడుతుంది. కనుక ఈ పెరుగుదల ప్రసూతి గదుల్లో మాత్రమే జరిగినది కాదు. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1941లో పునాది పడిన ఓడల నిర్మాణ కేంద్రం, 1957 నాటి చమురుశుద్ధి కర్మాగారం చుట్టుపక్కల జిల్లాల కూలీలను, పనివారిని రప్పించాయి. నగర సరిహద్దులు జరగడం మరొక కారణం. 2005లో గాజువాక పురపాలక సంఘం, 32 గ్రామాలు నగరంలో కలిశాయి. ఆ ప్రజలు ఇల్లు కదలకుండానే నగరవాసులయ్యారు!

ఇక రెండవ విషయం. ఒక అడవిలోని మేత, నీరు ఎన్ని జింకలను పోషించగలవో దానిని ఆ అడవి ధారణశక్తి అంటారు. ఆ హద్దు దాటితే ఆకలి, రోగం మందను తగ్గిస్తాయి. మనిషి మాత్రం తనున్న చోట లేనిదాన్ని దూరం నుంచి తెచ్చుకోగలడు. ఉక్కు కర్మాగారానికీ, నగరానికీ ఏలేరు నీరు సుమారు 150 కిలోమీటర్ల కాలువ మీదుగా వస్తుంది. అలాగే 1971లో శంకుస్థాపన జరిగిన ఆ కర్మాగారం కోసం 64 గ్రామాల ప్రజలు భూములు వదులుకున్నారు. కాబట్టి నగర ధారణశక్తి పెరిగిందంటే, దానిలో కొంత భాగం ఇతరుల నుంచి తెచ్చుకున్నదే.

హిజ్రీ 779 (క్రీ.శ. 1377)లో ‘ముఖద్దిమా’ రచించిన ఇబ్నె ఖల్దూన్ ఈ రెండు పార్శ్వాలనూ గుర్తించాడు. ఆయన వాడిన ‘ఉమ్రాన్’ అనే అరబీ పదానికి ఒక్క తెలుగు మాట చాలదు. జనం నివసించడం, ఆ నివాసంతో నేల కళకళలాడడం రెండూ అందులో ఉన్నాయి. పదిమంది పని పంచుకుంటే తమ అవసరానికి మించి పండించగలరనీ, జనబాహుళ్యమే సంపదకు మూలమనీ ఆయన వివరించాడు. అయితే కిక్కిరిసిన నగరాల్లో గాలి చెడి మహమ్మారులు పుడతాయనీ, కట్టడాల నడుమ ఖాళీ స్థలాలు ఉండి తీరాలనీ హెచ్చరించాడు. 1348-49 నాటి ప్లేగులో తల్లిదండ్రులను పోగొట్టుకున్నవాని మాట అది. కొండల నడుమ రేవూ, పరిశ్రమలూ, ఇళ్ళూ ఒరుసుకుని ఉన్న విశాఖకు ఆ హెచ్చరిక పాతది కాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. తరం తరువాత తరం జనసంఖ్య నిలకడగా ఉండడానికి 2.1 కావాలి. స్థానిక ఎన్నికల అభ్యర్థులకు ఉండిన ఇద్దరు పిల్లల నిబంధనను సైతం రాష్ట్రం 2024లో తొలగించింది. అయినా పని ఉన్నంత కాలం పనివారు నగరానికి వస్తూనే ఉంటారు. అందుచేత అడగవలసిన ప్రశ్న ‘ఎవరు ఎందరిని కన్నారు?’ అన్నది కాదు. వచ్చినవారికి నీరు, గాలి, నీడ ఎలా అందుతాయి? వాటిని సమకూర్చిన పల్లెల ఋణం ఎలా తీరుతుంది? ఆలోచించవలసినది ఇదే.