రాకెట్ వదిలేశాక

2018 మార్చి 29 సాయంత్రం శ్రీహరికోట నుంచి లేచిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్08 పద్దెనిమిది నిమిషాలు తిరక్కుండానే జీశాట్-6ఏ ఉపగ్రహాన్ని విడిచిపెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. రాకెట్ పని పూర్తయింది. ఉపగ్రహం మాత్రం చేరాల్సిన చోటికి ఇంకా చేరలేదు.

ఆ చోటు భూమధ్యరేఖకు నేరుగా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ సెకనుకు మూడు కిలోమీటర్ల పైచిలుకు వేగంతో ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు పడుతుంది. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే కాలమూ అదే. అందుకే కిందివాళ్లకు ఉపగ్రహం ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది. డాబా మీది డిష్‌ను ఒకవైపు తిప్పి బిగించేస్తే చాలడానికి కారణం ఇదే.

అంత ఎత్తున గుండ్రటి కక్ష్యలో పెట్టడం ఈ రాకెట్ పని కాదు. బాగా సాగిన కక్ష్యలో వదిలేస్తుంది. దాని ఒక కొస భూమికి 170 కిలోమీటర్ల దగ్గర, రెండోది దాదాపు 36 వేల కిలోమీటర్ల పైన. పై కొసకు వెళ్లేసరికి ఉపగ్రహం వేగం సెకనుకు 1.6 కిలోమీటర్లకు తగ్గిపోతుంది. ఆ వేగం చాలక మళ్లీ కిందికి వస్తుంది. సరిగ్గా పైనున్నప్పుడు సొంత ఇంజన్ మండిస్తే వేగం పెరిగి, కింది కొస పైకి లేస్తుంది. శ్రీహరికోట భూమధ్యరేఖకు 13 డిగ్రీలకు పైగా ఉత్తరాన ఉంది కనుక కక్ష్య వాలుగా మొదలవుతుంది. దాన్నీ ఈ ఇంజనే సరిచేయాలి.

ఇంతా చేసి ఆ ఇంజన్ తోపు 440 న్యూటన్లు, అంటే 45 కిలోల బరువుతో సమానం. రెండు టన్నులు దాటిన ఉపగ్రహాన్ని దానితో కదపాలంటే రోజుల తరబడి, విడతలు విడతలుగా మండించాలి. ఆదేశాలు కర్ణాటకలోని హాసన్ కేంద్రం నుంచి వెళ్తాయి. జీశాట్-6ఏ రెండో విడతలో, మార్చి 31న, ఇంజన్ దాదాపు 53 నిమిషాలు మండింది. ఏప్రిల్ 1న మూడో విడత జరగాల్సి ఉండగా, అంతకుముందే సంకేతాలు ఆగిపోయాయి. మడిచి పంపిన ఆరు మీటర్ల యాంటెన్నా విచ్చుకోనేలేదు. రాకెట్‌లో లోపమేమీ లేదు. హాసన్ నుంచి కబురు వచ్చేదాకా ‘విజయం’ అనే మాటను పత్రికలు ఆపుకోవాలని నేను గట్టిగా కోరేది ఇందుకే.

చేరాక కూడా ఇంధనం కావాలి. సూర్యచంద్రుల ఆకర్షణ కక్ష్యను నెమ్మదిగా వాలుస్తూనే ఉంటుంది. అప్పుడప్పుడూ చిన్న థ్రస్టర్లు మండించి సరిదిద్దాలి. దారిలో ఎంత ఆదా అయితే ఉపగ్రహం అంతకాలం ఎక్కువగా పనిచేస్తుంది. చివరి కొన్ని కిలోలను మాత్రం ముట్టుకోరు. పదవీకాలం ముగిసిన ఉపగ్రహాన్ని మరో రెండు, మూడు వందల కిలోమీటర్లు పైకి నెట్టి, వెనకొచ్చేదానికి ఆ స్థానం ఖాళీ చేయించడానికి అవి కావాలి.