లేపాక్షి పైకప్పు కింద వెలుగునీడల లెక్క

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న లేపాక్షి వీరభద్రాలయంలో, 16వ శతాబ్దపు నాట్యమండపం పైకప్పును ఫోటో తీయబోయినవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. ప్రాంగణం వైపు స్తంభాలు ఎండకు మెరుస్తుంటాయి. లోపల కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం మసక చీకట్లో ఉంటాయి. మన కన్ను రెండింటికీ సర్దుకుంటుంది. కెమెరాకు ఆ వెసులుబాటు తక్కువ. బొమ్మలకు సరిపడా వెలుగిస్తే స్తంభాలు తెల్లబారిపోతాయి, స్తంభాలను కాపాడితే బొమ్మలు నల్లబడతాయి.

డార్క్‌రూమ్ రోజుల్లో దీన్ని చేతులతోనే సరిచేసేవారు. ఎన్‌లార్జర్ వెలుగు కాగితం మీద పడుతుండగా ఒకచోట కాసేపు అట్టముక్క అడ్డుపెడితే ప్రింటులో ఆ చోటు తేలికపడేది. అది డాడ్జింగ్. మిగతాదంతా మూసి ఒక్కచోటికే మరికొంత వెలుగు పోనిస్తే అక్కడ ముదిరేది. అది బర్నింగ్. ఫోటోషాప్‌లో ఆ పనిముట్ల గుర్తులు ఇప్పటికీ పుల్లకు అతికించిన అట్ట, ముడిచిన చెయ్యి. 1994లో ఆ సాఫ్ట్‌వేర్‌కు లేయర్లు వచ్చాక, అసలు బొమ్మను ముట్టుకోకుండానే ఈ పని చేయడం సాధ్యమైంది.

పద్ధతి ఇది. ఫోటో మీద కొత్త లేయర్ తెరిచి, నలుపు తెలుపులకు సరిగ్గా నడిమి బూడిద రంగు నింపి, మోడ్‌ను ఓవర్‌లేకు మార్చాలి. ఫోటోలో ఏ మార్పూ కనిపించదు. కారణం లెక్కలో ఉంది. కింది విలువ సగానికి తక్కువైతే, రెండు లేయర్ల విలువలను గుణించి రెట్టింపు చేయడమే ఓవర్‌లే సూత్రం. 0 నుంచి 255 వరకు ఉన్న కొలతలో అర్జునుడి భుజం 40 దగ్గర ఉందనుకుందాం. బూడిద విలువ 0.5 కనుక 2×40×0.5, అంటే మళ్లీ 40. మెత్తటి బ్రష్‌తో, పది శాతం లోపు ఓపాసిటీతో తెలుపు అద్దుతూ ఆ బూడిదను 0.6కు తెస్తే భుజం 48 అవుతుంది. నలుపు అద్దితే దిగుతుంది.

సున్నాను ఎంతతో గుణించినా సున్నాయే. కెమెరా నమోదు చేయని గీతను ఏ లేయరూ పుట్టించలేదు. అందుకే ఇలాంటి చోట్ల రా ఫైల్ తీయమని గట్టిగా చెబుతాను: జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. పెనుకొండ గగనమహల్ గోడల మీది మిట్టమధ్యాహ్నపు నీడలకూ ఇదే మందు.

ధర్మవరం పట్టుచీరకు మాత్రం మరింత జాగ్రత్త కావాలి. ఓవర్‌లే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలను విడివిడిగా మారుస్తుంది. 160, 40, 50 విలువలున్న అంచు ఎరుపును అదే 0.6తో తేలికపరిస్తే 179, 48, 60 అవుతుంది; మూడింటి నిష్పత్తి మారి రంగు కొంచెం జరుగుతుంది. ఫోటో చూసి కొనేవారికి ఆ జరుగుడే మోసమవుతుంది. అక్కడ కర్వ్స్ లేయర్‌ను లూమినోసిటీ మోడ్‌లో పెట్టి, మాస్క్ మీద పనిచేయడం మేలు.

లేపాక్షి వేలాడే స్తంభం అడుగున పలుచని గుడ్డ దూరేంత సందుంది. దాని చుట్టూ నలుపు అద్దితే సందు పెద్దదిగా కనిపిస్తుంది. తెలుపు ఎక్కువైతే స్తంభం నేలకు ఆనినట్టే ఉంటుంది. లేయర్ పక్కనున్న కన్ను గుర్తును ఆర్పి, వెలిగించి చూడాలి. రెండింటిలో సందు మందం ఒకేలా లేకపోతే, అక్కడ అద్దినదాన్ని మళ్లీ బూడిద రంగుతో కప్పేయాలి.