పిడుదు పైపొర మీదే అసలు పోరు

పశువుల నెత్తురు తాగి బతికే పిడుదుల మీద, కొన్నిచోట్ల గోమార్లంటారు, వాడే మందులు ఒక్కొక్కటే పదును కోల్పోతున్నాయి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్‌లను తట్టుకునే పిడుదులు మన దేశంలోనూ బయటపడ్డాయి. అందుకే పరిశోధకుల చూపు మెటారైజియం, బవేరియా అనే శిలీంధ్రాల వైపు మళ్లింది. పైరు పురుగుల మీద చల్లే ఈ బూజులు మన రైతులకు కొత్తవి కావు. పురుగును చంపేది పిడుదును మాత్రం ఎందుకు చంపదు? చంపుతుంది, కాకపోతే అన్ని జాతులనూ ఒకేలా చంపదు. ఆ తేడాకు ముఖ్య కారణం పిడుదు పైపొరలోని రసాయనమేనన్నది నా అభిప్రాయం.

ఈ శిలీంధ్రాలు నోటిగుండా లోపలికి పోవు, చర్మాన్ని తొలుచుకునే పోతాయి. గాలిలో వచ్చిన సిద్ధబీజం ముందు పిడుదు ఒంటికి అంటుకోవాలి. తర్వాత మొలకెత్తి, గట్టిగా అదుముకునే బుడిపె ఒకటి తయారుచేసుకుని, ఒత్తిడితోనూ ఎంజైములతోనూ దారి చేసుకోవాలి. దానికి మొదట తగిలేది కొవ్వులు, హైడ్రోకార్బన్లతో కూడిన పలుచని మైనపు పూత. కైటిన్, ప్రొటీన్లు కలిసిన మందమైన పొర దాని కింద ఉంటుంది. రక్షణంతా ఆ మందంలోనే ఉందని తోస్తుంది గానీ, సాక్ష్యం అంతటితో ఆగలేదు. అమెరికాలో ఒకే ప్రజాతికి చెందిన రెండు పిడుదులను పోల్చి చూస్తే, గల్ఫ్ తీరపు జాతి ఈ బూజులకు సులువుగా లొంగింది, వీపున తెల్ల చుక్క ఉండే జాతి బాగా తట్టుకుంది. ఆ తట్టుకున్న జాతి పైపొర నుంచి తీసిన కొవ్వుల సారం శిలీంధ్రం ఎదుగుదలను అణచింది. ఆ సారానికి మందం లేదు, గట్టిదనం లేదు, ఉన్నది రసాయనమే.

పిడుదు రక్తకణాలు, లోపల తయారయ్యే సూక్ష్మజీవి నాశక పెప్టైడ్లు పనిచేయవా అని అడగవచ్చు. చేస్తాయి, కానీ పొర చీలాకే వాటి వంతు వస్తుంది. ఎన్ని సిద్ధబీజాలు లోపలికి చేరాలి, ఎంత ఆలస్యంగా చేరాలి అన్నది ముందే పైపొర తేల్చేస్తుంది. ఆ ఆలస్యం చిన్న విషయం కాదు. మన ఆవుల మీద ఎక్కువగా కనిపించే పిడుదు ఒకే పశువు మీద సుమారు మూడు వారాలు ఉండి, రెండుసార్లు కుబుసం విడుస్తుంది. ఇంకా తొలవని సిద్ధబీజాలు ఆ పాత పొరతోపాటే రాలిపోతాయి. ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటుంది: ఈ ఆవు పిడుదు ప్రయోగశాలలో బూజుకు తేలిగ్గానే చస్తుంది, పశువు మీద మాత్రం ఫలితం నిలకడగా ఉండదు. అది నిజమే, ఆ ఘనతంతా పైపొరకు కట్టబెట్టకూడదు. ఆవు ఒంటి వేడి, ఎండ, తేమ లేమి సిద్ధబీజాన్ని నీరసపరుస్తాయి. మొలక మందగించిన కొద్దీ పొరకు గడువు పెరుగుతుంది. కాబట్టి నెత్తురు తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి రాలి, వేల గుడ్లు పెట్టే పాక నేల, గోడ పగుళ్లు, నీడ, తేమ ఉన్న చోట్లే శిలీంధ్రానికి మేలైన అవకాశం. గుడ్లకూ తల్లి పూసిన మైనం ఉంటుంది గనుక, అవి పగిలి పిల్లలు రాకముందే అంతా అయిపోతుందని ఆశపడకూడదు. పాడి రైతులకు నా మనవి ఇది: పైరు కోసం అమ్మే బూజు మందును పశువైద్యుణ్ని అడగకుండా ఆవు ఒంటిమీద చల్లకండి, పిడుదు గుడ్లు పెట్టే పాక పగుళ్లను మాత్రం ఈ వారమే పూడ్పించండి.