డ్రైవింగ్ స్కూలులో చేరేముందు డాక్టరు మాట కూడా వినండి

“మావాడు పదిరోజుల్లో కారు నేర్చేశాడండీ” అని తల్లిదండ్రులు సంబరంగా చెబుతూంటారు. సంతోషమే. కాని ఆ పదిరోజుల్లో అబ్బాయికి వచ్చింది క్లచ్, గేరు, బ్రేకు వాడటం మాత్రమే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం సొంతకారు నడపదలచినవారికి స్కూలు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు. స్వయంగా బండి నడిపిన కాలం కనీసం 10 గంటలుండాలి. రోజుకు అరగంట నడిపితే లెక్క సరిపోతుంది. ఆ అరగంటనే ముగ్గురు కుర్రాళ్ళు పంచుకుంటే? మూడువారాలు తిరిగినా ఒక్కొక్కరికి దక్కేది మూడున్నర గంటలే! డబ్బు కట్టేముందే ఈ లెక్క అడగండి.

ఇంకొక సంగతి. ఆ నిబంధనల పాఠ్యక్రమంలో ప్రథమచికిత్స కూడా ఉంది. గాయాలు, రక్తస్రావం, ఎముకలు విరగడం, స్పృహ తప్పడం అన్నీ అందులోవే. ఆ పాఠం ఎప్పుడు చెబుతారో అడిగి చూడండి. చాలాచోట్ల మీ ముఖం వింతగా చూస్తారు.

40 ఏళ్ళు దాటినవారు లైసెన్సుకు డాక్టరు సర్టిఫికెట్టు తేవాలి. పాతిక మీటర్ల దూరంలోని కారు నంబరు పట్టపగలు చదవగలరా లేదా అన్నది అందులో ఒక ప్రశ్న. మా దగ్గరకు కాగితం వస్తుంది, మనిషి రాడు! “సంతకమే కదండీ” అంటాడు తెచ్చినవాడు. పోనీ, ఇంటిముందే పరీక్షించుకోండి. ఆగివున్న కారునుంచి సుమారు 33 అడుగులు వేసి, వెనుదిరిగి నంబరు చదవండి. అద్దాలు వాడేవారు పెట్టుకునే చదవవచ్చు. తడబడితే కంటి డాక్టరును కలవండి. రాత్రి ఎదురుబండి లైటు పడగానే చుట్టూ వెలుగు చెదిరి ఏమీ కనబడకపోతే శుక్లాలు మొదలయ్యాయేమో చూపించుకోవాలి.

తిరుపతి దర్శనం చేసుకుని, ఆ రాత్రే బయలుదేరి తెల్లారేసరికి ఇల్లు చేరాలనుకునేవారు మనలో ఎందరో. రాత్రి రెండునుంచి అయిదు గంటలవరకు శరీరం నిద్రనే కోరుతుంది. 60 కిలోమీటర్ల వేగంతో పోతూ మూడు క్షణాలు కునికితే బండి 50 మీటర్లు ఎవరూ నడపకుండానే పోయినట్లు. పాటలు పెట్టడం, కిటికీ దింపడం నిద్రను ఆపవు. సురక్షితమైన చోట ఆపి పావుగంట, ఇరవై నిమిషాలు పడుకోండి. జలుబుకని వేసుకునే మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటే మత్తు వస్తుంది. వేసుకున్నరోజు స్టీరింగు మరొకరికివ్వండి. ఇన్సులిన్ తీసుకునే మధుమేహరోగులు భోజనం మానేసి కారెక్కకూడదు. దారిలో చెమటలు, వణుకు, అయోమయం కలిగితే బండి ఆపి గ్లూకోజుగాని, పంచదారగాని నోట్లో వేసుకోండి. తేరుకున్న వెంటనే బయలుదేరవద్దు, ముప్పావుగంట ఆగండి. రక్తంలో చక్కెర పెరిగినంత త్వరగా మెదడు కుదుటపడదు.

ఇక స్కూలువారు చెప్పకుండా వదిలేసిన పాఠం. ప్రమాదం జరిగినచోట మనవాళ్ళు మొదట చేసేది కింద పడినవాడిని లేపి కూర్చోబెట్టి, నోట్లో నీళ్ళు పోయడం. మంచిమనసుతోనే చేస్తారు. కాని స్పృహలేనివాడి నోట్లో పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ ఎముక విరిగివుంటే, కాళ్ళూ చేతులూ పట్టి ఆటోలో కుదించేటప్పుడు వెన్నుపాము దెబ్బతిని, నడవగలిగేవాడు జన్మంతా మంచానికే పరిమితం కావచ్చు. మంటలవంటి ప్రమాదం లేకపోతే కదిలించవద్దు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్టు లాగవద్దు. వాంతి అవుతున్నా, నోట్లో రక్తం నిండుతున్నా తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేట్లు ఇద్దరు ముగ్గురు కలిసి పక్కకు తిప్పండి. రక్తం కారుతున్నచోట శుభ్రమైన గుడ్డ మడిచి అరచేత్తో గట్టిగా అదమండి. తగ్గిందా అని మాటిమాటికీ తీసి చూడవద్దు. గుడ్డ తడిస్తే దానిమీదే మరొకటి వేయండి.

ఈలోగా ఒకరు 108కి ఫోను చేసి ఊరు, దగ్గరి గుర్తు, గాయపడినవారెందరో చెప్పాలి. “పోలీసు కేసులో ఇరుక్కుంటామేమో” అని వెనుకాడేవారికి: 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవారికి రక్షణ కల్పించింది. మీ పేరు, చిరునామా చెప్పితీరాలని పోలీసులుగాని, ఆసుపత్రివారుగాని బలవంతం చేయకూడదు.