వంటింటి ఉష్ణమాపకం: తక్కువ ధరలో తగిన పరికరం ఎంపిక, పరీక్ష, వినియోగం

సారాంశం

మాంసం లోపలి భాగం సురక్షితమైన వేడికి చేరిందో లేదో రంగు, వాసనలను బట్టి చెప్పడం కష్టం. పసుపు, కారం దట్టంగా పట్టించి కాల్చే గోదావరి ప్రాంతపు వంటకాలలో ఇది మరింత కష్టం. కొన్ని సెకన్లలో అంకె చూపే కడ్డీ రకం ఉష్ణమాపకం (థర్మామీటరు) ఈ లోటును తీరుస్తుంది. పరికరాల రకాలు, కొనేటప్పుడు పరిశీలించవలసిన అంశాలు, ఇంటివద్దనే చేయగల రెండు పరీక్షలు, కడ్డీని గుచ్చే పద్ధతి ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. పరికరం ధర కన్నా దాని దోషం ఎంతో తెలిసి ఉండడం, మొనను సరైన చోట ఉంచడం ముఖ్యమని ఈ వ్యాసం సూచిస్తుంది.

ముఖ్య పదాలు: ఉష్ణమాపకం, ఆహార భద్రత, కోడి మాంసం, బొంగులో చికెన్, బెల్లం పాకం, క్రమాంకనం

ఉపోద్ఘాతం

2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలంలోని కానూరు ప్రాంతంలోను, పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలంలోని వేల్పూరులోను కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినట్లు నిర్ధారణ అయింది. ఇటువంటి సమయాలలో వినియోగదారులకు అందే సలహా ఒకటే: మాంసాన్ని, గుడ్లను బాగా ఉడికించి తినాలి. ‘బాగా’ అన్న మాటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక అంకెను నిర్దేశించింది. ఆహారంలోని అన్ని భాగాలు 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. (ఈ వ్యాసంలోని ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీలలోనే ఇవ్వబడ్డాయి.)

సలహా సరైనదే. కానీ 70 డిగ్రీలను కొలిచే సాధనం మన వంటిళ్లలో అరుదు. జ్వరం చూసే థర్మామీటరు సుమారు 35 నుండి 42 డిగ్రీల వరకే పనిచేస్తుంది కనుక వంటకు పనికిరాదు. అంకెను బోధించి సాధనాన్ని చూపకపోతే ఆ బోధన సగంలోనే ఆగిపోతుంది. విస్తరణ కార్యకర్తలు ఈ చిన్న పరికరం గురించి తెలుసుకోవలసిన అవసరం ఇక్కడే ఉంది.

ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం

ప్రతి వంటకూ ఉష్ణమాపకం అక్కరలేదు. పులస పులుసు, చిన్న ముక్కల కోడికూర వంటివి మరుగుతున్న నీటిలో చాలాసేపు ఉడుకుతాయి. పులుసు 100 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పలుచని ముక్క లోపలి భాగం కూడా త్వరలోనే ఆ వేడిని అందుకుంటుంది. అక్కడ గడియారం చాలు.

నిప్పులపై కాల్చే వంటల సంగతి వేరు. వేడి ఒక వైపు నుండే తగులుతుంది. పై పొర మాడుతున్నా ఎముక దగ్గర మాంసం పచ్చిగా ఉండవచ్చు. పసుపు, కారం పట్టిన ముక్కలో గులాబీ రంగు పోయిందో లేదో కంటికి తెలియదు. లేత కోళ్లలో మూలుగలోని వర్ణకం కారుతుంది కనుక పూర్తిగా ఉడికిన తరువాత కూడా ఎముక చుట్టూ ఎరుపు కనిపించవచ్చు. అంటే రంగు రెండు విధాలా మోసగించగలదు.

పాకం పట్టే పనులలో కూడా ఉష్ణమాపకం ఉపయోగపడుతుంది. చెరకు రసాన్ని సుమారు 105–106 డిగ్రీల వద్ద దింపితే ద్రవ బెల్లం, 116–118 డిగ్రీల వద్ద అచ్చు బెల్లం, 120–122 డిగ్రీల వద్ద పొడి బెల్లం తయారవుతాయి. చన్నీటిలో పాకం చుక్క వేసి ఉండ కట్టి చూడడం తరతరాలుగా వస్తున్న నమ్మదగిన పరీక్షే. అయితే దానికి అనుభవం కావాలి. సంక్రాంతి అరిసెలను అమ్మకానికి చేసే మహిళా సంఘంలో పాకం పట్టే చేయి మారినా అరిసె మారకుండా ఉండాలంటే అంకె తోడుండడం మంచిది.

70, 74 అంకెల వెనుక ఉన్న శాస్త్రం

పచ్చి కోడి మాంసంపై సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. ఇవి చనిపోవడం వేడి మీద మాత్రమే కాక, ఆ వేడి నిలిచిన కాలం మీద కూడా ఆధారపడుతుంది. 60 డిగ్రీల వద్ద అనేక నిమిషాలు పట్టే పని 70 డిగ్రీల వద్ద సెకన్లలో ముగుస్తుంది. 74 డిగ్రీల వద్ద దాదాపు తక్షణమే పూర్తవుతుంది. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ కోడి మాంసానికి 74 డిగ్రీలను నిర్దేశించింది. వేచి ఉండే లెక్క లేకుండా ఒకే అంకెతో పని జరుగుతుంది కనుక ఇంటి వంటకు ఇదే అనుకూలం.

పట్టిక 1. వంటకాల వారీగా గమనించవలసిన ఉష్ణోగ్రతలు
కోడి, బాతు మాంసం (ఖైమాతో సహా): 74
వేట మాంసం ఖైమా: 71
చేపలు, రొయ్యలు: 63
వండిన ఆహారాన్ని వేడిగా నిల్వ ఉంచడం: 60కి పైన
పాలను తోడు వేయడం: సుమారు 42

పరికరాల రకాలు

ముల్లు గల ద్విలోహ రకం: చవకైనది, బ్యాటరీ అక్కరలేదు. అయితే ఇందులో వేడిని గ్రహించే లోహపు చుట్ట కడ్డీ చివర 5–6 సెం.మీ. మేర ఉంటుంది. నాలుగు సెం.మీ. మందం గల కోడి తొడలో గుచ్చితే అది వేడెక్కిన పై పొరను, చల్లని నడిభాగాన్ని కలిపి సగటు చూపుతుంది. ఆ సగటు అసలు నడిభాగపు వేడి కన్నా ఎక్కువ. పెద్ద గిన్నెలోని పాలకు, పాకానికి ఈ రకం సరిపోతుంది గాని కాల్చిన ముక్కలకు సరిపోదు.

థర్మిస్టర్ రకం: మొనలోని చిన్న అర్ధవాహకం నిరోధం వేడితో మారుతుంది. ఆ మార్పును పరికరం అంకెగా చూపుతుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే కడ్డీ రకం డిజిటల్ పరికరాలలో చాలావరకు ఈ కోవకు చెందినవే. ఇంటికి, చిన్న వ్యాపారానికి సాధారణంగా ఇవి చాలు.

థర్మోకపుల్ రకం: రెండు భిన్న లోహాల సంధి వద్ద వేడి వలన పుట్టే వోల్టేజిని కొలుస్తుంది. సీబెక్ 1821లో గుర్తించిన ప్రభావమే దీనికి ఆధారం. మొన సన్నగా ఉంటుంది, వేగం ఎక్కువ, ధర కూడా ఎక్కువ. రోజుకు వందల ముక్కలు పరీక్షించే హోటళ్లకు ఇది తగినది.

పరారుణ రకం: దూరం నుండి ఉపరితలపు వేడిని మాత్రమే చూపుతుంది. పెనం వేడి తెలుసుకోవడానికి పనికివచ్చినా ముక్క లోపలి సంగతి చెప్పలేదు. మెరిసే స్టీలు పాత్రలపై తప్పు అంకె చూపుతుంది. ఆహార భద్రత కోసం దీనిని కొనరాదు.

గాజు గొట్టపు పాదరస థర్మామీటరును ఆహారంలో వాడరాదు. పగిలితే గాజు, పాదరసం రెండూ ఆహారంలో కలుస్తాయి.

కొనేటప్పుడు పరిశీలించవలసిన అంశాలు

1. కచ్చితత్వం: పెట్టెపై ‘±1 డిగ్రీ’ అని ఉన్నదానిని ఎంచుకోవాలి. తెరపై 0.1 డిగ్రీ వరకు అంకె కనిపించడం కచ్చితత్వానికి గుర్తు కాదు. 74.3 అని చూపే పరికరం రెండు డిగ్రీలు తప్పి ఉండవచ్చు.

2. స్పందన కాలం: ‘తక్షణం’ అన్న మాటకు అర్థం కొన్ని సెకన్లు. మొత్తం మార్పులో 63 శాతాన్ని చూపడానికి పట్టే సమయాన్ని కాల స్థిరాంకం అంటారు. 30 డిగ్రీల వద్ద ఉన్న కడ్డీని 74 డిగ్రీల ముక్కలో గుచ్చితే, అసలు అంకెకు ఒక డిగ్రీ దగ్గరకు రావడానికి దాదాపు 3.8 కాల స్థిరాంకాలు పడుతుంది. స్థిరాంకం ఒక సెకను అయితే నాలుగు సెకన్లు, ఐదు సెకన్లయితే 19 సెకన్లు ఆగాలి. తొందరపడి ఒక్క స్థిరాంకం తరువాతే చూస్తే తెరపై 58 కనిపిస్తుంది.

3. కొలిచే పరిధి: పాకం, నూనె పనులు కూడా ఉంటే కనీసం 200 డిగ్రీల వరకు చూపేది కావాలి.

4. కడ్డీ: పొడవు 11–12 సెం.మీ. ఉంటే చేయి నిప్పుకు దూరంగా ఉంటుంది. మొన సన్నగా ఉంటే వేగం పెరుగుతుంది, ముక్కకు పడే రంధ్రం చిన్నదవుతుంది.

5. నీటి రక్షణ: ఐపీ 67 గుర్తు గల పరికరం మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు తట్టుకొంటుంది. ఆ గుర్తు లేనిదానిలో కడ్డీని మాత్రమే కడగాలి.

6. బ్యాటరీ: ఊరిలోని దుకాణంలో దొరికే రకమే ఉండాలి. బ్యాటరీ దొరకని పరికరం ఎంత మంచిదైనా అటక ఎక్కుతుంది.

ఫోనుకు సంకేతాలు పంపడం, జ్ఞాపకశక్తి వంటి సదుపాయాలకు అదనంగా చెల్లించవలసిన అవసరం లేదు.

ఇంటివద్ద రెండు పరీక్షలు

మంచు పరీక్ష: గ్లాసు నిండా మంచును నలగగొట్టి వేసి, సందులు నిండే వరకు చన్నీళ్లు పోసి కలపాలి. మొన గ్లాసు అడుగుకు, గోడకు తగలకుండా 30 సెకన్లు ఉంచితే 0 చూపాలి. తాగే నీటితో ఫ్రిజ్‌లో చేసిన మంచునే వాడాలి. చేపలకు, రొయ్యలకు వాడే ఐసులో ఉప్పు కలిసి ఉంటే కరిగే ఉష్ణోగ్రత తగ్గి పరీక్ష తప్పుతుంది.

మరిగే నీటి పరీక్ష: తెర్లుతున్న నీటిలో మొన పాత్రకు తగలకుండా ఉంచాలి. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న రాజమహేంద్రవరంలో 100 చూపాలి. ఎత్తు ప్రతి 300 మీటర్లకు మరిగే ఉష్ణోగ్రత సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో 97 చూపిన పరికరం సరైనదే.

దోషం ఉన్నంత మాత్రాన పరికరాన్ని పారవేయనక్కరలేదు. ఉదాహరణకు మంచులో 1, మరిగే నీటిలో 103 చూపిందనుకుందాం. అప్పుడు తెరపై అంకె = 1 + (1.02 × అసలు ఉష్ణోగ్రత). కోడి మాంసం నిజంగా 74 డిగ్రీలకు చేరినప్పుడు తెరపై 76.5 కనిపిస్తుంది. అచ్చు బెల్లం 118 డిగ్రీల పాకానికి 121.4 కనిపిస్తుంది. సవరణ చేయకుండా తెరపై 118 చూసి దింపితే పాకం అసలు 115 డిగ్రీల దగ్గరే ఉంటుంది, అచ్చు సరిగా గట్టిపడదు. సవరించిన అంకెలను కాగితంపై రాసి పరికరానికి అంటించుకోవాలి. ఈ పరీక్షలను నెలకొకసారి, పరికరం కింద పడినప్పుడల్లా చేయాలి. ప్రతిసారీ వేరు వేరు అంకెలు చూపే పరికరాన్ని మాత్రం వదులుకోవాలి.

మొనను ఎక్కడ గుచ్చాలి?

ముక్కలో అన్నిటికన్నా మందమైన చోట, ఎముకకు తగలకుండా గుచ్చాలి. పలుచని ముక్కలలో పక్క నుండి గుచ్చాలి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మొన ముందుగా 95 డిగ్రీల పై పొరను దాటి 65 డిగ్రీల నడిభాగానికి చేరుతుంది. నిదానంగా స్పందించే పరికరం పై పొర వేడిని కొంతసేపు మోస్తూనే ఉంటుంది. ఆ క్షణంలో 76 అని చూసి ముక్క ఉడికిందనుకోవడం పొరపాటు. అంకె దిగడం ఆగిన తరువాతే చదవాలి. రెండు మూడు చోట్ల చూసి, అన్నిటికన్నా తక్కువ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

రాజమహేంద్రవరానికి సుమారు 85 కి.మీ. దూరంలోని మారేడుమిల్లిలో ప్రసిద్ధమైన బొంగులో చికెన్ ఈ విషయంలో ప్రత్యేక ఉదాహరణ. మసాలా పట్టించిన ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో మూసి నిప్పులపై కాలుస్తారు. వెదురులోని తేమ వలన లోపల ముక్కలు ఆవిరిలో ఉడుకుతాయి. వండే వ్యక్తికి ముక్క కనిపించదు. బొంగు రంగు, వాసన, పట్టిన సమయమే ఆధారాలు. బొంగు పొడవులో సగం వరకు కూడా 12 సెం.మీ. కడ్డీ చేరకపోవచ్చు. కనుక బొంగును దింపి, ముక్కలను పళ్లెంలోకి తీసిన వెంటనే పెద్ద ముక్కలను, ముఖ్యంగా నిప్పుకు దూరంగా ఉన్న చివరలోని వాటిని పరీక్షించాలి. 74కు తగ్గితే తిరిగి వేడి చేయాలి. కొన్ని విడతలు ఇలా చూస్తే ఏ లావు బొంగుకు ఎంత సేపు పడుతుందో తెలుస్తుంది. ఆ తరువాత వంటవారి కంటి అంచనాకే బలం పెరుగుతుంది.

ఉడకని ముక్కలో గుచ్చిన కడ్డీని కడగకుండా ఉడికిన ముక్కలో గుచ్చరాదు. ప్రతిసారీ సబ్బు నీటితో కడిగి ఆరబెట్టాలి. తక్షణ ఉష్ణమాపకాన్ని నిప్పులపై గుచ్చి వదిలివేయరాదు. ప్లాస్టిక్ తొడుగు, లోపలి పరికరాలు పాడవుతాయి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

కలవచర్ల, పందిరిమామిడి వంటి కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలలో మంచు, మరిగే నీటి పరీక్షలను పాల్గొనేవారి చేతనే చేయించడం మేలు. ఒకే ముక్కను ముందు కంటితో అంచనా వేయించి, తరువాత అంకె చూపిస్తే తేడా మనసుకు పడుతుంది. సంఘానికి ఒక పరికరం, దానితో పాటు ఒక నమోదు పుస్తకం ఉంటే ప్రారంభానికి చాలు. సంప్రదాయ పరీక్షలను తోసిపుచ్చే ధోరణి పనికిరాదు. ఉండ పాకం చూసే అనుభవజ్ఞురాలి చేతికీ, తెరపై అంకెకూ పొంతన కుదిర్చి చూపినప్పుడే కొత్త సాధనం వంటింట్లో నిలుస్తుంది.

ముగింపు

±1 డిగ్రీ కచ్చితత్వం, సన్నని మొన, 200 డిగ్రీల పరిధి గల సాధారణ థర్మిస్టర్ పరికరం ఇంటి అవసరాలకు, చిన్న ఆహార పరిశ్రమలకు సరిపోతుంది. పరీక్షించని ఖరీదైన పరికరం కన్నా, దోషం లెక్కగట్టి సవరణ రాసుకొన్న చవక పరికరమే నమ్మదగినది. ‘బాగా ఉడికించండి’ అనే సలహాతో పాటు ఆ ‘బాగా’ను కొలిచే నేర్పును కూడా ప్రజలకు అందించడం విస్తరణ వ్యవస్థ బాధ్యత.